ఆరోగ్య సంజీవని పాలసీ: ముందు గది అద్దె కనుక్కోండి, తర్వాత బీమా మొత్తం

మా ఇంట్లో ఆరోగ్య సంజీవని అనే ఆరోగ్య బీమా పాలసీలు రెండు ఉన్నాయి. ఒకటి నేను, నా భార్య, పిల్లలు కలిసి తీసుకున్న ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ), రెండోది అమ్మ పేరిట విడిగా తీసుకున్నది. ఫ్లోటర్‌లో ప్రీమియం సాధారణంగా అందులో చేరినవారిలో అందరికన్నా పెద్దవారి వయసును బట్టి నిర్ణయమవుతుంది కనుక, తల్లిదండ్రులను అందులో చేర్చితే అందరి ప్రీమియమూ పెరుగుతుంది. పైగా ఒకరి ఆపరేషన్‌కే బీమా మొత్తం ఖర్చయిపోతే ఆ ఏడాది మిగతావారికి ఏమీ మిగలదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ పాలసీని ఏ సంస్థ అమ్మినా షరతులు ఒక్కటే. అందువల్ల కొనేవారు పోల్చి చూడవలసినవి ప్రీమియం, మనకు దగ్గరలో నగదు రహిత చికిత్స ఇచ్చే ఆసుపత్రుల జాబితా, క్లెయిముల పరిష్కారంలో ఆ సంస్థకున్న పేరు మాత్రమే. ప్రాంతాన్ని బట్టి ప్రీమియం మార్చకూడదన్న నిబంధన కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తొలగించడంతో భారం మరికొంత తగ్గింది.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ పాలసీలో గది అద్దెకు రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5 వేల రూపాయలు మాత్రమే ఇస్తారు. భోజనం, నర్సింగ్ ఖర్చులు కూడా ఆ 5 వేలలోనే సర్దుకోవాలి. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10 వేలు. కాస్త లెక్క వేస్తే తెలిసేదేమిటంటే, రెండున్నర లక్షల బీమాకే గది పరిమితి 5 వేలకు చేరుతుంది, ఆ పైన 5 లక్షలకు తీసుకున్నా ఆ పరిమితి ఒక్క రూపాయి కూడా పెరగదు. ఈ సంగతి నాకు ఏ ఏజెంటూ చెప్పలేదు.

పరిమితి దాటిన గదిలో చేరితే అద్దెలో తేడా కట్టి ఊరుకుంటే సరిపోదు. ఉదాహరణకు బిల్లు 2 లక్షలనుకుందాం: 8 వేల గదిలో నాలుగు రోజులకు 32 వేలు, ఆపరేషన్, సర్జన్ ఫీజుల వంటివి 1,20,000, మందులు 48 వేలు. గది అద్దెలో రోజుకు 5 వేల చొప్పున 20 వేలే ఇస్తారు. ఆపరేషన్ ఖర్చునూ అదే నిష్పత్తిలో కోసి 75 వేలకు తగ్గిస్తారు. మందులకు ఈ కోత ఉండదు. అలా తేలిన 1,43,000లో మళ్లీ, ఈ పాలసీలో ప్రతి క్లెయిములోనూ మనమే భరించాల్సిన 5 శాతం వాటా పోగా చేతికి వచ్చేది 1,35,850 రూపాయలు. బీమా ఉండి కూడా 64 వేలకు పైగా మనమే కట్టుకోవాలి. గదిని బట్టి మిగతా ఫీజులు మార్చని ఆసుపత్రుల్లో మాత్రం ఈ కోత వర్తించదు కనుక, చేరేటప్పుడే ఆ మాట అడగడం మంచిది.

అమ్మకు శుక్లాల ఆపరేషన్ చేయించినప్పుడు బిల్లు 46 వేలయింది. ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేలు, వీటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు కనుక, 3 లక్షల పాలసీలో 40 వేలు ఒప్పుకుని, 5 శాతం తీసివేసి 38 వేలు చెల్లించారు. శుక్లాలకు పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ ఇవ్వని రెండేళ్ల నిరీక్షణ కాలం అప్పటికే పూర్తయింది కాబట్టి అదైనా వచ్చింది. అమ్మకున్న బీపీ సంగతి దరఖాస్తులోనే రాశాను. అలా వెల్లడించిన పాత జబ్బులకు 2024 నిబంధనల ప్రకారం నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు. ప్రీమియం పెరుగుతుందేమోనని దాచిపెట్టేవారిని చూస్తే మాత్రం నాకు భయమేస్తుంది.

జిల్లా కేంద్రాల్లోనో, చిన్న పట్టణాల్లోనో చికిత్స చేయించుకునే, నెల జీతంలో కొద్దిగానే మిగిలే కుటుంబానికి ఇది మంచి పాలసీ. ప్రీమియం నెలవారీ వాయిదాల్లో కూడా కట్టవచ్చు. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ బీమా మొత్తం 5 శాతం చొప్పున, గరిష్ఠంగా 50 శాతం వరకు పెరుగుతుంది. ఆయుర్వేదం, హోమియో వంటి పద్ధతుల్లో ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకూ వర్తిస్తుంది. ఆరోగ్యశ్రీకి అర్హత ఉన్నవారు ముందు అందులో ఏయే చికిత్సలు వస్తాయో చూసుకుని, ఆ తర్వాతే దీని గురించి ఆలోచించాలి.

నగరంలో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికే వెళ్లేవారు, నాలుగు డబ్బులు ఎక్కువ పోసైనా గది పరిమితి లేని పాలసీ తీసుకోవాలి. ఆదాయం పెరిగాక రెన్యువల్ సమయంలో అలాంటి పాలసీకి పోర్ట్ చేసుకుంటే, అంటే పాత పాలసీని వదలకుండా దానికి మార్చుకుంటే, ఇక్కడ గడిచిన నిరీక్షణ కాలం పాత బీమా మొత్తం మేరకు అక్కడా లెక్కకు వస్తుంది. మా ఫ్లోటర్‌ను వచ్చే రెన్యువల్‌కు అలాగే మార్చబోతున్నాను. అమ్మ వెళ్లే ఆసుపత్రిలో గది అద్దె 3 వేలు దాటదు కనుక ఆమె పాలసీని మాత్రం కదపడం లేదు.