పిచ్చిక గూడు కోసం 5 డబ్బాలు

నేను మెడికల్ రెప్‌ని. విశాఖ గాజువాకలో ఇల్లు. పొద్దున్న తలకి పెట్టిన హెల్మెట్ మహారాణిపేటలో మొదటి క్లినిక్ మెట్ల దగ్గర తీస్తాను. తీసేసరికి జుట్టంతా మూకుడు బోర్లించినట్టు అణిగిపోయి ఉంటుంది. ఇన్నేళ్లూ జేబులో దువ్వెనతోనే సరిపెట్టుకున్నాను.

కిందటి ఏడాది మా సెలూన్ అన్న పక్కలు బాగా తగ్గించి, పైన నాలుగు వేళ్ల పొడుగు ఉంచి, చివర్లు ఎగుడుదిగుడుగా కత్తిరించాడు. తర్వాత ఏదో కాస్త అరచేతిలో రుద్ది వేళ్లతో తలంతా కెలికాడు. అద్దంలో చూసుకుంటే, అప్పుడే బీచ్ రోడ్డులో గాలికి తిరిగొచ్చినవాడిలా ఉన్నాను. చెదిరింది, కానీ బాగా చెదిరింది. ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఏట్రా ఆ తల, పిచ్చిక గూడులాగ? దువ్వుకోలేదేటి?"

ఆ పిచ్చిక గూడు మళ్లీ కట్టుకోవడానికి 10 నెలల్లో, జుట్టు నిలబెట్టే సరుకు 5 డబ్బాలు కొన్నాను. పేర్లు రాయను. ఒకే రకం సరుకు పది పేర్లతో దొరుకుతుంది. డబ్బా ముందున్న పేరు కన్నా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితానే పనికొస్తుంది. మందుల అట్టపెట్టెలు చదివి చదివి నాకు అది అలవాటు. ఎక్కువ పాళ్లలో ఉన్నవి ముందు రాస్తారు కాబట్టి, మొదటి నాలుగైదు పేర్లు చదివితే అది తల మీద ఏం చేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

మొదట కొన్నది జెల్. నీళ్లలో కలిపిన పాలిమర్ అనే జిగురులాంటి పదార్థం. ఆరితే వెంట్రుకల మీద పల్చటి పొర కడుతుంది. అసలు జుట్టు కదలకూడదు అనుకునేవాళ్లకి అది చాలు. నాకేమో వేళ్లతో పాయలు విడదీయాలి. విడదీస్తే పొర విరిగి తెల్లటి పొట్టు రాలుతుంది. ఆ సంగతి నాకు ఎక్కడ తెలిసిందంటే, ఒక స్కిన్ డాక్టర్ మేడమ్ ముందు 2 శాతం కీటోకొనజోల్ షాంపూ గురించి చెబుతున్నప్పుడు. చుండ్రు ఎన్ని రోజుల్లో తగ్గుతుందో నేను గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాను, ఆవిడ నా నల్ల షర్టు భుజాలు చూస్తున్నారు. చివరికి శాంపిల్ సీసా నా వైపే నెట్టి, "ముందు మీరు వాడండి" అన్నారు. ఆ సాయంత్రమే ట్యూబు చెత్తబుట్టలో పడింది.

రెండోది మెరిసే వ్యాక్స్. జాబితాలో పైనే పెట్రోలియం జెల్లీ ఉంది, నేనే చూసుకోలేదు. పట్టు బాగానే ఉంది కానీ జిడ్డు, నుదుటి మీద కురుపులు, దిండు గలీబు మీద మరకలు. నాన్నగారికి మాత్రం నచ్చింది. ఆయన బ్రిల్‌క్రీమ్ మనిషి. 1928లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆ క్రీము నీళ్లు, మినరల్ ఆయిల్, తేనెమైనం కలిపిన ఎమల్షన్. పాపిడి తీసి దువ్విన జుట్టు నిగనిగలాడుతూ కుదురుగా ఉండటానికి అంతకన్నా మంచిది ఇప్పటికీ లేదని ఆయన వాదన. కాదనను. కాకపోతే నాకు కావలసింది సరిగ్గా దానికి తిరగేసిన బొమ్మ.

సీ సాల్ట్ స్ప్రే సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. విశాఖలో పుట్టి పెరిగి, ఉప్పునీళ్లు రూ. 450 పెట్టి కొన్నాను. చలికాలం రెండు నెలలు నిజంగానే బాగుంది. తేలిగ్గా, గరుకుగా, గాలికి ఆరినట్టు. మార్చి దాటాక మొదలైంది. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి వదిలేస్తే ఏమవుతుంది? నా తల కూడా అంతే. ఉప్పు గాలిలో చెమ్మ పట్టుకుని జుట్టు జిగురుగా అంటుకుపోయేది. హైదరాబాద్‌లాంటి పొడి గాలి ఉన్న ఊళ్లలో దీని కథ వేరేగా ఉండొచ్చు.

పౌడర్ గురించి రెండు మాటలు. ఉప్పు చల్లే సీసాలాంటి దాంట్లో వచ్చే సిలికా అది. కుదుళ్లలో చిటికెడు వేసి రుద్దితే జుట్టు వెంటనే లేచి నిలబడుతుంది. పల్చటి జుట్టుకి అన్నిటికన్నా ఇదే పనికొస్తుంది, మా బావమరిది ఇప్పుడు అదే వాడుతున్నాడు. నాది ముతక జుట్టు. వేళ్లు పెడితే సుద్దముక్క ముట్టుకున్నట్టు ఒళ్లు జలదరించేది. వాడితే మాత్రం ముక్కు దగ్గర దులపకండి.

ఐదోది మ్యాట్ క్లే. 100 గ్రాములు రూ. 360. వెనక చూస్తే నీళ్లు, తేనెమైనం, కేయోలిన్, బెంటొనైట్ ఉన్నాయి. చివరి రెండూ బంకమట్టి రకాలే. మట్టి జిడ్డు పీలుస్తుంది, మెరుపు లేకుండా చేస్తుంది. మైనం పాయల్ని పట్టి ఉంచుతుంది కానీ గట్టిగా పొర కట్టదు, అందుకే పొట్టు లేదు.

మొదటి వారం ఇదీ తిట్టుకున్నాను. వేలితో లోడి తీసి ముందు జుట్టుకి పూశాను. ముందంతా ముద్ద, వెనకంతా మామూలు, మధ్యలో బూడిద రంగు చార. సెలూన్ అన్న నవ్వి చేసి చూపించాడు. శనగగింజంత చాలు. అరచేతుల్లో కనపడకుండా పోయేదాకా రుద్దాలి. తువ్వాలుతో తుడిచి, కాస్త చెమ్మ మాత్రమే మిగిలిన జుట్టులో, వెనక నుంచి మొదలుపెట్టి కుదుళ్ల దగ్గర నుంచి వేళ్లతో కెలకాలి. ముందు జుట్టు ఆఖర్న, చేతికి మిగిలిన దానితో. ఆపైన ఫ్యాన్ కింద తల వంచి ఆరబెట్టాలి.

ఈ ఆరబెట్టడమే సగం పని. తడిస్తే వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ ముడిపడతాయి. హెల్మెట్ కింద నా జుట్టుకి జరిగేదీ అదే: చెమటకి తడిసి, అణిగినట్టే ఆరిపోతుంది. అందుకే ఇప్పుడు క్లినిక్‌లో వాష్‌రూమ్ దొరకగానే వేళ్లు తడుపుకుని తల కెలుక్కుంటాను. పొద్దున్న రాసిన క్లే మెత్తబడి మళ్లీ లేస్తుంది. కొత్తగా రాయక్కర్లేదు. నేను కొన్న ఐదింటిలో ఈ పని చేసింది ఇదొక్కటే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. మూత వదులుగా పెడితే పైపొర ఎండి గట్టిపడుతుంది. ఉత్త నీళ్లకి పోదు, రాత్రి షాంపూ పడాల్సిందే. మధ్యాహ్నం ఎండలో మూడు, నాలుగు గంటలు బైక్ మీద తిరిగితే వేళ్లు తడుపుకున్నా పూర్తిగా లేవదు. డబ్బా మీద "హోల్డ్ 5/5" అని ఉంది. అది ఆ కంపెనీ తనకి తాను వేసుకున్న మార్కు, పక్క కంపెనీ 5తో పోల్చి చూడకండి.

నూనె తల మీద ఇది అస్సలు పట్టదు. ఆదివారం అమ్మ కొబ్బరినూనె గిన్నెతో కూర్చుంటే లేచిపోయే ధైర్యం నాకు లేదు. రాసుకుని, సాయంత్రం కుంకుడుకాయలతో రుద్దుకుంటున్నాను. సోమవారం పొద్దుటికి గరుగ్గా ఉండి క్లే ఇంకా బాగా పడుతోంది. అమ్మ మాత్రం అదంతా నూనె మహిమే అంటోంది.

డబ్బా నాలుగు నెలలు వచ్చింది. మొన్న రెండోది కొన్నాను, రూ. 20 పెరిగింది.