యాప్ బయట చేయిస్తున్నారా? ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ముందు చూసుకోండి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మాకు టిఫిన్ సర్వీసు ఉంది. ఆర్డర్ల యాప్ చేసిపెట్టమని హైదరాబాద్‌లో ఒక కంపెనీతో 18,000 డాలర్లకు మాట్లాడుకున్నాను. మనవాళ్లే కదా, తెలుగులో చెప్పుకోవచ్చన్న ధైర్యం. 12,000 కట్టాను. ఈ రోజు నా చేతిలో ఒక్క లైను కోడ్ లేదు.

మొదటి కాల్‌లో మంచి అనుభవమున్న సీనియర్‌ని కూర్చోబెట్టారు. మూడో వారానికి ఆయన జాడ లేదు. పనంతా అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఒక కుర్రాడి నెత్తిన పడింది. నాకు రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ పొద్దున్న ఏడు. పాపం, నిద్రకళ్లతోనే కాల్‌లోకి వచ్చేవాడు. అతన్ని నేనేమీ అనను.

శుక్రవారం డెమోలు మాత్రం బ్రహ్మాండంగా ఉండేవి. వాళ్లు నొక్కుతుంటే నేను చూసేవాణ్ణి. ఒకరోజు పట్టుబట్టి నా ఫోన్‌లో వేయించుకున్నాను. రెండు పెసరట్లు పెడితే బిల్లు 24.99. ఐదు పెట్టినా అంతే. మొత్తం తీసేసినా 24.99 అలాగే ఉంది! లెక్క కట్టే కోడే రాయలేదు, ఆ అంకెను తెర మీద అతికించారు. అప్పటికి రెండో విడత పంపి వారమైంది.

మూడో విడత ఆపుతానన్నాను. తెల్లారేసరికి గిట్‌హబ్‌లో, అంటే కోడ్ దాచిపెట్టే సైట్‌లో, నా యాక్సెస్ తీసేశారు. అదీ, యాప్ నడిచే అమెజాన్ సర్వర్లు (ఏడబ్ల్యూఎస్), ప్లే స్టోర్, అన్నీ వాళ్ల ఖాతాల్లోనే ఉన్నాయి. "సెటప్ తలనొప్పి మీకెందుకు సార్" అంటే సరేనన్నాను.

ఒప్పందానికి ఇండియా చట్టమే వర్తిస్తుందని రాసుకున్నాం కాబట్టి అక్కడి లాయర్‌ని అడిగాను. డబ్బు కట్టినంత మాత్రాన కోడ్ మనదైపోదట. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మనకు రావాలంటే వాళ్ల సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయాలి. అందులోనూ గడువు రాయకపోతే 5 ఏళ్లకే, ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే చెల్లుతుంది. నా ఒప్పందంలో అసలు బదిలీ ఊసే లేదు.

ప్లే స్టోర్ డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏడాదికి 99. మీరే తెరిచి, వాళ్లను సభ్యులుగా చేర్చుకోండి. పని చేసేవాళ్ల పేర్లు ఒప్పందంలో రాయించండి. ప్రతి విడతకు ముందు యాప్ మీ ఫోన్‌లో మీ చేత్తో నొక్కి చూడండి.

ఇప్పటికే పని మధ్యలో ఉన్నవాళ్లు ఈ రాత్రే గిట్‌హబ్ తెరిచి ఓనర్ ఎవరో చూడండి. మీరు కాకపోతే, ఆ మార్పు జరిగేదాకా తర్వాతి విడత పంపకండి.