తిరుపతిలో పిల్లలనూ తల్లిదండ్రులనూ ఒకే బల్లమీద కూర్చోబెట్టిన చట్ట అవగాహన తరగతి: ఒక తల్లి సమీక్ష

గత నెల రెండో శనివారం మధ్యాహ్నం నేను, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, బాలాజీ కాలనీ దగ్గర ఒక చిన్న హాలులో జరిగిన చట్ట అవగాహన తరగతికి వెళ్లాము. ఇద్దరు న్యాయవాదులు, బాలల సంక్షేమ రంగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మేడమ్ కలిసి దీనిని నడుపుతున్నారు. రుసుము లేదు, ముందుగా పేరు ఇస్తే చాలు. అయితే పదమూడేళ్లు దాటిన పిల్లవాడు గానీ పిల్ల గానీ తన ఇంటి పెద్దలలో ఒకరిని వెంటబెట్టుకొని రావాలి, విడిగా ఎవరినీ రానివ్వరు. మొదట ఇబ్బందిగా అనిపించిన ఆ నియమమే తరగతికి ప్రాణమని మూడు గంటలు కూర్చున్న తరువాత నాకు అర్థమైంది.

నేను వెళ్లడానికి కారణం నా తప్పే. మంగళం నుంచి ట్యూషన్‌కు ఆటోలో పంపితే ఆలస్యమవుతోందని, పదహారేళ్లు నిండిన మా అబ్బాయికి నా స్కూటర్ ఇచ్చి పంపుతూ వచ్చాను. ఒక సాయంత్రం లీలామహల్ కూడలిలో ట్రాఫిక్ పోలీసులు వాడిని ఆపి, నాకు ఫోన్ చేయించి, నేను చేరుకున్న తరువాత "బండి మీ పేరు మీదే ఉందా అమ్మా?" అని అడిగారు. ఔనన్నాను. ఆ రోజు మందలించి వదిలిపెట్టారు గానీ, ఆ ప్రశ్న ఎందుకు వేశారో ఇంటికి వచ్చిన తరువాత కూడా నాకు తెలియలేదు.

తరగతిలో మొదటి గంట మొత్తం బండ్ల గురించే సాగింది, అలా సాగడమే సరైనదని నా అభిప్రాయం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ ప్రకారం, లైసెన్సు లేని మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే అతని సంరక్షకుణ్ణి లేదా బండి యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్‌ను పన్నెండు నెలల పాటు రద్దు చేస్తారు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు నిండేవరకు లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. "పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారు కదా" అని ఒక తండ్రి అడిగినప్పుడు, అది 50 సీసీ మించని బండికి మాత్రమేనని, మన ఇళ్ల ముందు నిలబడి ఉన్న స్కూటర్లు దాదాపు అన్నీ ఆ పరిమితికి రెట్టింపు పైనే ఉంటాయని న్యాయవాది వివరించారు. మైనరు నడిపిన బండి తగిలి ఎవరికైనా గాయమైతే, బీమా సంస్థ బాధితునికి పరిహారం చెల్లించి కూడా ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకునేలా న్యాయస్థానాలు ఆదేశించవచ్చని చెప్పినప్పుడు హాలులో పెద్దలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చంద్రగిరి వైపు నుంచి మనవడిని తీసుకొచ్చిన ఒక పెద్దామె లేచి, "మా పిలకాయ నాకు చెప్పకుండా బండి తీసుకుపోతే నన్నెందుకు పట్టుకుంటారు సామీ?" అని అడిగారు. నా మనసులోని ప్రశ్న కూడా అదే. దానికి వచ్చిన సమాధానం చాలా స్పష్టంగా ఉంది. యజమాని అనుమతితోనే పిల్లవాడు బండి తీశాడని న్యాయస్థానం ముందుగానే భావిస్తుంది. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం పెద్దలదే. "తాళంచెవి ఎక్కడ పెడతారమ్మా?" అని న్యాయవాది ఆమెను మెల్లగా అడిగారు. "గూట్లో" అన్నారు ఆమె. పక్కనే కూర్చున్న మనవడు తల దించుకున్నాడు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం ఆ తరువాత వచ్చింది. పిల్లవాడు తప్పు చేసి పట్టుబడిన నాటి నుంచి ఏమి జరుగుతుందో విరమణ పొందిన మేడమ్ వరుసగా చెప్పారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి పిల్లవాడి చదువు, స్నేహాలు, ఇంటి పరిస్థితి విచారించి నివేదిక ఇస్తారు. అందుచేత ఆ రోజుల్లో ఇంట్లో పెద్దలు ఎలా ప్రవర్తిస్తారన్నది కూడా ఆ కాగితాలలోకి చేరుతుంది. నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా పిల్లలకు సాధారణంగా బెయిలు ఇవ్వాలి. వదిలితే నేరస్థుల సహవాసంలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి విఘాతమనో బోర్డు భావించినప్పుడే నిరాకరిస్తుంది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసువారు, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరం చేశారన్న ఆరోపణ వస్తే మాత్రం, వారిని పెద్దవారిలా విచారించాలా అన్నది తేల్చడానికి బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది.

ఇక్కడే ఒక లోపం కూడా కనిపించింది. అంతకుముందు మాట్లాడిన యువ న్యాయవాది, ఒక్క కేసు పడితే ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ పోయినట్టేనని పిల్లలను గట్టిగా బెదిరించారు. మేడమ్ దానిని సభలోనే సవరించారు: అదే చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం బోర్డు విచారించిన బాలుడికి ఆ కారణంగా ఏ అనర్హతా అంటదు, పెద్దవారిలా విచారణ ఎదుర్కొని దోషిగా తేలిన వారికి మాత్రమే ఆ రక్షణ వర్తించదు. ఈ సవరణ జరగకపోయి ఉంటే మేము తప్పుడు భయంతో ఇంటికి వెళ్లేవాళ్లం. అలా భయపడిన పిల్లవాడు చిన్న తప్పు చేసిన రోజున తల్లికి చెప్పడానికి బదులు దాచిపెడతాడు, లేదా ఇల్లు విడిచి పారిపోతాడు. వక్తలు ఏమి చెప్పబోతున్నారో ముందుగా ఒకరితో ఒకరు సరిచూసుకోవాలని నిర్వాహకులకు నా విజ్ఞప్తి.

ఫోన్ల గురించి చెప్పినది బాగుంది గానీ సమయం చాలలేదు. పద్దెనిమిదేళ్ల లోపు వారి అసభ్య చిత్రాన్ని తీయడం, పంపడం, దాచుకోవడం సమాచార సాంకేతిక చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరమని, మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉండవచ్చని చెప్పారు. అందులో ఉన్నది తన స్నేహితురాలే అయినా, ఆమె తానే పంపినా పరిస్థితి మారదు. కమీషన్ ఇస్తామంటే బ్యాంకు ఖాతానో సిమ్ కార్డునో అప్పగించే కాలేజీ పిల్లలు సైబర్ మోసాల కేసుల్లో ఎలా ఇరుక్కుంటున్నారో కూడా వివరించారు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న మాట మా అబ్బాయి తన పుస్తకంలో రాసుకున్నాడు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టానికి మిగిలింది పదిహేను నిమిషాలే. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి ఇష్టపడి వచ్చినా చట్టం దృష్టిలో ఆ సమ్మతి చెల్లదని, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు అలాంటి కేసులో పెద్దవాడిగానే నిలబడవలసి వస్తుందని చెప్పి ముగించారు. వేధింపు జరిగిందని తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయాలి, పరువు పోతుందని ఇంట్లోనే అణిచివేయడం చట్టానికి విరుద్ధం. ఈ మాటను నెమ్మదిగా, ఉదాహరణలతో చెప్పవలసింది. మా ప్రాంతపు ఇళ్లలో మాట ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. బిడ్డ వాంగ్మూలం ఇంటి వద్దనే, సాధ్యమైనంత వరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలని చట్టంలోనే ఉంది. ఇది ముందే తెలిస్తే ఎంతో మంది తల్లులు స్టేషన్ పేరుకే జంకకుండా ముందుకు వస్తారు. ఈ అంశానికి విడిగా ఒక పూట కేటాయించాలి.

గంజాయి గురించి క్లుప్తంగానే చెప్పారు. స్నేహితుడి సంచి మోసి పట్టుబడితే, అందులో ఏముందో తనకు తెలియదని రుజువు చేసుకోవలసింది మోసినవాడేనన్న విషయం పిల్లలను ఆలోచింపజేసింది. వ్యసనంలో పడినవారు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే చట్టం కొంత రక్షణ ఇస్తుందన్న సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేది.

చేతికి ఇచ్చిన కరపత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఆ చంద్రగిరి అవ్వ దానిని మడిచి మనవడి జేబులో పెట్టారు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుందని, అందుకు 15100కు ఫోన్ చేయవచ్చని, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉందని అందులో ముద్రించారు. అత్యవసరమైన ఆ రెండు వరుసలే తెలుగులో లేకపోవడం నాకు బాధ కలిగించింది. నిర్వాహకులతో ఆ మాట అన్నాను. వచ్చే తరగతికి తెలుగు ప్రతి సిద్ధం చేస్తామని, రాసిన తరువాత చదివి చూడమని నన్నే అడిగారు, ఒప్పుకున్నాను.

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలున్నవారు, ముఖ్యంగా బండి తాళంచెవి పిల్లల చేతికి అందే చోట ఉన్నవారు తప్పక వెళ్లండి. వీలైతే తండ్రులు వెళ్లండి, మా తరగతిలో వారు నలుగురే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా అబ్బాయి, "అమ్మా, ఆ రోజు నన్ను ఆపినప్పుడు కేసు నీమీద అయ్యేదా?" అని అడిగాడు. ఔనని చెప్పాను. సోమవారం నుంచి వాడు సిటీ బస్సులో ట్యూషన్‌కు వెళుతున్నాడు, అరగంట ముందుగా బయలుదేరుతున్నాడు.