రాజమహేంద్రవరం–కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన: పై అంతస్తు ప్రయాణం

గోదావరిపై రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెనను నేను రైలులోనూ, స్కూటరుపైనూ చాలా సార్లు దాటాను. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే సందేహం లేకుండా పైనున్న రోడ్డునే ఎంచుకుంటాను. కింది అంతస్తులో రైలెక్కిన వారికి ఉక్కు దూలాల సందుల్లోంచి నది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది; పైన మాత్రం రెండు పక్కలా అడ్డులేని గోదావరి, కొంత దూరంలో 1997 నాటి ఆర్చి వంతెన కమానుల వరుస, దాని చెంతనే 1900 నుంచి దాదాపు వందేళ్లు రైళ్లను మోసి విశ్రమించిన హేవ్‌లాక్ వంతెన కనిపిస్తాయి.

రైలు భాగం సుమారు 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పెద్ద స్పాన్లు, అంటే రెండు స్తంభాల మధ్య భాగాలు, 27, ఒక్కొక్కటి 91.5 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒక్కో స్పాను దాటడానికి పదకొండు సెకన్లు పడుతుంది. రాజమహేంద్రవరం వైపు ఇళ్లున్న ప్రాంతం అడ్డురావడంతో అక్కడి చిన్న స్పాన్లలో ఆరింటిని వంపు తిప్పి కట్టారు.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనది కింద రైలు వెళ్లే ఘడియ. ముందు హ్యాండిలు పట్టుకున్న అరచేతుల్లో సన్నని వణుకు పుడుతుంది, ఆ తరువాతే చప్పుడు వినిపిస్తుంది. కనిపించని రైలు మన కాళ్ల కిందుగా నదిని దాటిపోతూ ఉంటే, ఇంత బరువును ఇన్నేళ్లుగా మోస్తున్న ఆ ఉక్కుపైన, దాన్ని నిలబెట్టిన పనివారిపైన నిజమైన గౌరవం కలుగుతుంది. గూడ్సు రైలైతే ఆ అనుభవం మరింత సేపు నిలుస్తుంది.

లోపాలూ చెప్పాలి. రోడ్డు రెండు వరుసలదే కనుక బండి పక్కకు ఆపి నదిని చూసే వీలు లేదు, అలా ఆపడం ప్రమాదకరం కూడా. అతుకుల దగ్గర కుదుపు నడుముకు తెలుస్తుంది. ఒకసారి వర్షంలో అలాంటి చోటే నా స్కూటరు ముందు చక్రం జారింది. 2023లో మరమ్మతుల కోసం రాకపోకలు ఆపినప్పుడు చుట్టూ తిరగవలసి వచ్చినా, ఆ పని అవసరమనే నా అభిప్రాయం. భారీ వాహనాలకు 2015లో తెరిచిన నాలుగో వంతెన, జనం గామన్ వంతెన అని పిలిచేది, ఉండనే ఉంది. వాటిని ఈ పాత వంతెన మీదికి రానివ్వకూడదు.

దాటదలచినవారు ఉదయం రాజమహేంద్రవరం నుంచి కొవ్వూరుకు వెళ్లడం మేలు, ఎండ వీపు మీద పడుతుంది. సాయంత్రమైతే కొవ్వూరు నుంచి రండి. వేసవిలో నీటికన్నా ఇసుక తిన్నెలే ఎక్కువగా కనిపిస్తాయి. వరద నీరు ఎర్రగా పారే ఆగస్టు రోజుల్లో, వాన లేని పూట చూసుకుని, నెమ్మదిగా దాటండి.