అద్దె సైకిళ్ల స్మార్ట్ తాళం శ్రీకాకుళంలో నిలుస్తుందా?

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అరసవల్లికి సైకిళ్లు అద్దెకు తిప్పాలంటే సైకిల్ ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. నిలబెట్టేదీ ముంచేదీ వెనక చక్రానికి బిగించే తాళమే. మైసూరులో 2017లో వచ్చిన అద్దె సైకిళ్ల పథకం ట్రిన్ ట్రిన్‌లా స్టాండులు కట్టాలంటే జాగా, అనుమతులు, పెట్టుబడి కావాలి. చిన్నగా మొదలెట్టేవాళ్లకు గుర్రపు లాడం ఆకారంలో ఉండే ఈ తాళమే దిక్కు.

క్యూఆర్ స్కాన్ చేయగానే యాప్ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ సరేనంటే తాళంలోని సిమ్‌కో, ఫోన్ బ్లూటూత్ మీదుగానో ఆదేశం చేరుతుంది. మోటారు కొక్కెం లాగితే స్ప్రింగు కడ్డీని వెనక్కి తీసుకుంటుంది. మూయడం మాత్రం చేత్తోనే. కడ్డీ చివరిదాకా వెళ్లి లోపలి స్విచ్‌ని నొక్కితేనే రైడ్ ముగుస్తుంది. మధ్యలో స్పోక్ అడ్డొచ్చి ఆగిపోతే తాళం పడినట్టే కనిపిస్తుంది, అద్దె మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చక్రాన్ని రెండంగుళాలు జరిపి మళ్లీ నొక్కాలి. ఈ ముక్క హ్యాండిల్ మీద తెలుగులో రాసి అంటించండి, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

సైకిళ్లు పాడవకుండా రేకుల షెడ్డులో పెడతారు చూడండి, అసలు చిక్కు అక్కడే. రేకు కింద జీపీఎస్‌కి ఆకాశం కనపడదు, తాళం బ్యాటరీని నింపే, బుట్టలోని సోలార్ పలకకి ఎండ తగలదు. బండి షెడ్డులోనే ఉన్నా మ్యాపులో రోడ్డవతల ఉన్నట్టు చూపిస్తుంది. బండి ఎక్కడ ఆపితే రైడ్ ముగుస్తుందో చెప్పే పార్కింగ్ గీతని యాప్ మ్యాపులో మరీ బిగించి గీస్తే రైడ్ ముగియనే ముగియదు. ఆరుబయటే ఐదు మీటర్ల తేడా మామూలు కాబట్టి ఇరవై మీటర్లు వదలండి. బ్యాటరీ దిగిపోతే ఏ ఆదేశమూ పనిచేయదు, బయటినుంచి ఛార్జింగ్ పెట్టే దారి లేని మోడల్ వద్దు.

2జీ మాత్రమే పట్టే చవక తాళాల్లో జియో సిమ్ దండగ, జియోకి 2జీ లేదు. 4జీదే తీసుకోండి. కళింగపట్నం వైపు తిప్పే బండ్లకు ఉప్పుగాలితో కడ్డీ తుప్పు పడుతుంది. గ్రీజు పూస్తే ఇసుక అంటుకుని ఇంకా బిగుస్తుంది, ఆరిపోయే రకం లూబ్రికెంట్ రెండు చుక్కలు చాలు.

రథసప్తమికి అరసవల్లిలో టవర్లు కిక్కిరిసినప్పుడు సిమ్ ఆదేశం ఆలస్యమవుతుంది, బ్లూటూత్ దారి కూడా ఉన్న తాళమైతే కాస్త నయం. అయినా ఫోన్‌కి నెట్ ఉండాల్సిందే. ఒక శాంపిల్ తెప్పించి, బండ్లు నిలిపే చోటే ఫోన్ బ్లూటూత్ ఆపేసి పదిసార్లు తెరవండి. రెండుసార్లు మొరాయించినా అక్కడికి వేరే కంపెనీ సిమ్ వెయ్యాలి.