పామ్ ఓఎస్‌దో దారి, పాకెట్ పీసీదో దారి

1996లో వచ్చిన పామ్ కంపెనీ జేబు కంప్యూటర్ పైలట్ 1000లో మెమరీ 128 కేబీ. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరే పామ్ ఓఎస్. రెండు సన్న సెల్స్ వేస్తే వారాల తరబడి నడిచేది, బటన్ నొక్కగానే డైరీ తెరుచుకునేది. కాకపోతే తెరపై రాయడానికి గ్రాఫిటీ అనే కొత్త రాత నేర్చుకోవాలి. ఇంగ్లిష్ ‘ఏ’ రాయాలంటే అడ్డగీత లేకుండా గుడిసె కప్పులా గీస్తే చాలు.

2000లో మైక్రోసాఫ్ట్ జేబు కంప్యూటర్ల కోసం తెచ్చిన పాకెట్ పీసీ సాఫ్ట్‌వేర్ అలా కాదు. వర్డ్, ఎక్సెల్, పాటలు అన్నీ అందులోనే. దానితో నడిచే కాంపాక్ ఐప్యాక్‌కు 206 మెగాహెర్ట్జ్ చిప్, 32 ఎంబీ మెమరీ. ఛార్జర్ మాత్రం వెంట ఉండాల్సిందే.

పామ్ ఓఎస్ 5తో ఆర్మ్ అనే వేరే రకం చిప్‌కు మారి, పాత యాప్‌లనూ నడిపించింది. ఆ తర్వాతి వెర్షన్ కోబాల్ట్ ఒక్క పరికరంలోనూ మార్కెట్‌కు రాలేదు. చివరికి 2006లో పామ్ కంపెనీయే తన ట్రియో 700డబ్ల్యూ ఫోన్‌లో పాకెట్ పీసీ వారసుడైన మైక్రోసాఫ్ట్ విండోస్ మొబైల్ పెట్టుకుంది! అయినా ఒక ఫోన్ నంబరు వెతకాలంటే నా ఓటు పాత పామ్‌కే.