బిజినెస్ జెట్ మొదటి విమానం: ముందు ప్రోటోటైప్ (పరీక్షల కోసం కట్టే నమూనా విమానం) కట్టి చూడ్డం మేలా, నేరుగా ప్రొడక్షన్‌కి పోవడం మేలా?

ఈ ప్రశ్న వస్తే నాకు ముందు గుర్తొచ్చేది లియర్‌జెట్ 23 అనే అమెరికన్ బిజినెస్ జెట్. మామూలుగా అయితే ఒకటి రెండు విమానాలు చేత్తో కట్టి, ఎగరేసి, తప్పులు దిద్దుకుని, ఆ తర్వాతే ఫ్యాక్టరీలో జిగ్‌లూ డైలూ (భాగాల్ని పట్టి ఉంచే చట్రాలూ, అచ్చులూ) చేయించుకుంటారు కదా, దాన్ని తెచ్చిన బిల్ లియర్ మాత్రం ముందే ఆ సామగ్రంతా, అంటే ప్రొడక్షన్ టూలింగ్, చేయించేసి మొదటి విమానాన్నే దాంట్లోంచి తీశాడు. 1963 అక్టోబర్ 7న అది విచిటాలో ఎగిరింది.

ఇందులో పెద్ద లాభం ఏంటంటే టెస్ట్ చేసే విమానం, అమ్మే విమానం ఒకటే. రెక్కలో తప్పు తేలితే మాత్రం టూలింగ్ మీద పెట్టిన డబ్బంతా పోయినట్టే. కానీ లియర్‌ది గుడ్డి ధైర్యం కాదు, ఆ రెక్కకి మూలం స్విట్జర్లాండ్‌లో అప్పటికే ఎగిరిన పి-16 అనే ఫైటర్, ఇంజనేమో మిలిటరీ జె85 నుంచి వచ్చిన సీజే610. అంటే ప్రోటోటైప్ చేయాల్సిన పనిలో సగం వేరేవాళ్ళు ముందే చేసిపెట్టారు.

1964 జూన్ 4న సర్టిఫికేషన్ (అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం) టెస్ట్‌లో, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పైలట్ నడుపుతుండగా, ఆ మొదటి విమానం రెక్కల మీద స్పాయిలర్లనే పలకలు పైకి లేచి ఉండగానే టేకాఫ్ అయింది. స్పాయిలర్ పనే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి లేపే బలం, తగ్గించడం, ఇంక ఎక్కడ ఎక్కుతుంది, పొలంలో పడి కాలిపోయింది, లోపలున్నవాళ్ళు బతికి బయటపడ్డారు. ఉన్న ఒక్క ప్రోటోటైప్ అలా పోతే ఏ కంపెనీ అయినా చతికిలపడాలి, కానీ అదే టూలింగ్‌లోంచి వచ్చిన రెండో విమానం చేతిలో ఉంది కాబట్టి జూలై 31కే సర్టిఫికెట్ వచ్చేసింది, రెండు నెలలు కూడా పట్టలేదు! ఆ రెండో విమానమే తర్వాత స్మిత్‌సోనియన్ మ్యూజియంకి చేరింది.

ఇంకో పక్క ఫ్రెంచ్ కంపెనీ డస్సో కట్టిన బిజినెస్ జెట్ మిస్టేర్ 20. మొదటి ఎగురుడు 1963 మే 4న, బోర్డో-మెరిన్యాక్‌లో, ప్రాట్ అండ్ విట్నీ జేటీ12 ఇంజన్లతో. అమెరికన్ ఎయిర్‌లైన్ పాన్ యామ్ 40 కొంటామంది, కానీ జీఈ సీఎఫ్700 ఇంజన్లు కావాలంది, దాంతో డిజైన్‌లో రెక్క పెరిగింది, మెయిన్ గేర్‌కి (దిగేటప్పుడు బరువు మోసే ప్రధాన చక్రాలకి) ఒక్కో చక్రం ఉన్నచోట జంట చక్రాలు వచ్చాయి. అదే ప్రోటోటైప్ 1964 జూలైలో కొత్త ఇంజన్లతో మళ్ళీ ఎగిరింది. టూలింగ్ ముందే గట్టిగా పెట్టుకుని ఉంటే ఇన్ని మార్పులకి ఎంత నష్టం వచ్చేదో ఆలోచించండి.

అమెరికన్ కంపెనీ లాక్‌హీడ్ తెచ్చిన జెట్‌స్టార్ కథా ఇలాంటిదే, 1957 సెప్టెంబర్ 4న ఎగిరినప్పుడు వెనక రెండు బ్రిటిష్ ఓర్ఫియస్ ఇంజన్లు, అమెరికాలో వాటిని తయారు చేసే లైసెన్స్ బేరం కుదరక అమ్మకానికి వచ్చిన విమానాలకి నాలుగు జేటీ12లు పెట్టారు. రెండో ప్రోటోటైప్‌ని అలా మార్చి చూశారు, మొదటిది రెండు ఇంజన్లతోనే ఉండిపోయి లాక్‌హీడ్ డిజైనర్ కెల్లీ జాన్సన్ తిరగడానికి పనికొచ్చింది.

నిదానంగా పోయే దారికి హోండాజెట్‌ని చూడాలి, ఇంజన్లు రెక్క మీద స్తంభాలపై నిలబెట్టిన డిజైన్, 2003 డిసెంబర్‌లో ప్రోటోటైప్ ఎగిరితే ప్రొడక్షన్ నమూనాకి సరిపోయే విమానం 2010 డిసెంబర్‌లో ఎగిరింది, సర్టిఫికెట్ 2015లో. చాలా లేటే, కాదనను, కానీ ఇంజన్ అక్కడ పెడితే గాలి ఎలా పోతుందో ఎగిరి చూడకుండా టూలింగ్‌కి డబ్బు పెట్టడం నాకైతే నచ్చదు.

అందుకే నా ఓటు డస్సో పద్ధతికే. రెక్కా, ఇంజనూ రెండూ ముందే వేరేచోట రుజువైనవైతే లియర్ దారి పట్టొచ్చు, అది కూడా వెనకాలే రెండో విమానం రెడీగా ఉంటేనే.